బావ స్టూడియోలో పాత 3060: ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 2025, ఉగాది అయ్యాక

విజయవాడలో మా బావకి చిన్న వీడియో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, ఏదొస్తే అది. ఎడిటింగ్ పీసీ నేనే బిగించా అప్పట్లో, రైజెన్ 5 3600, బీ450 బోర్డు, 32 జీబీ డీడీఆర్ 4 ర్యామ్, జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు (వీడియో లెక్కలు చేసే జీపీయూ చిప్, దాని సొంత మెమరీ దీంట్లోనే ఉంటాయి), 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే డబ్బా), 600 వీఏ యూపీఎస్. ఫుల్ హెచ్‌డీలో తీసినన్నాళ్ళు ఏ గొడవా లేదు. ఇప్పుడు అందరూ 4కే అడుగుతున్నారు, పైగా ముహూర్తాలన్నీ అర్ధరాత్రి, తెల్లవారుజామున, మండపం లైట్లు తప్ప ఇంకేం ఉండవు, ఐఎస్ఓ (కెమెరా వెలుతురు పట్టే సెట్టింగ్) పెంచి తీస్తారు, చుక్కలు చుక్కలుగా నాయిస్ వస్తుంది, దాన్ని తీసేయడానికి డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ వేస్తే చాలు, జీపీయూ మెమరీ నిండిపోయింది అని ఎర్ర మెసేజ్ పడి రెండర్ ఆగిపోతుంది.

"ఏరా, కార్డు స్లోగా ఉందా, పాడైందా?" అన్నాడు బావ. రెండూ కాదు. 1650లో మెమరీ 4 జీబీ, అంతే దాని కథ.

లెక్క వేసి చూపిస్తే గానీ బావ నమ్మడు కాబట్టి వేసి చూపించా. 4కే ఫ్రేమ్ అంటే 3840 ఇంటూ 2160, దగ్గర దగ్గర 83 లక్షల పిక్సెళ్ళు. రిజాల్వ్ లోపల లెక్కలన్నీ 32 బిట్ ఫ్లోట్‌లో చేస్తుంది, అంటే పిక్సెల్‌కి నాలుగు చానెళ్ళు, చానెల్‌కి 4 బైట్లు, మొత్తం ఒక్క ఫ్రేమే 133 ఎంబీ దాకా పోతుంది. టెంపోరల్ నాయిస్ రిడక్షన్‌లో (పక్క పక్క ఫ్రేముల్ని పోల్చి చుక్కలు తీసే పద్ధతి) ఫ్రేములు 5 పెడితే ముందు ఐదు, వెనక ఐదు, మధ్యలోది ఒకటి, పదకొండు ఫ్రేములు ఒకేసారి కార్డు మెమరీలో కూర్చోవాలి. అదే దాదాపు 1.5 జీబీ. దాని పైన కలర్ గ్రేడ్ నోడ్లు, టైటిల్స్, ఆ మెరుపుల ట్రాన్సిషన్లు, డీకోడర్ బఫర్లు, విండోస్ తినేది వేరే. 4 జీబీ ఎక్కడ సరిపోద్ది?

కాబట్టి ప్రాజెక్టు ఇది: మిగతా పీసీ ముట్టుకోకుండా, ఎస్‌ఎంపీఎస్ యూపీఎస్ మార్చకుండా, తక్కువలో ఒక కార్డు. బడ్జెట్ అక్క చెప్పింది. స్టూడియో లెక్కలన్నీ అక్కవే, ఇరవై వేలు దాటితే సంతకం పెట్టదు.

ఏప్రిల్, ఏ కార్డు అన్న గొడవ

కొత్తదైతే ఎన్‌విడియా 4060 కార్డు అని అందరూ చెప్పేదే. కానీ దాంట్లో 8 జీబీనే. నాకు ఇది అస్సలు మింగుడు పడదు. ఏఎండీ ఆర్9 390 అని 2015లో వచ్చిన కార్డులోనే 8 జీబీ ఉంది, 2016లో ఆర్ఎక్స్ 480 వచ్చి 239 డాలర్లకే 8 జీబీ ఇచ్చింది, జీటీఎక్స్ 1070లోనూ అంతే. 2023లో 299 డాలర్ల 4060కీ అదే 8. ఈ మధ్యలో కెమెరాలు మారాయి, టీవీలు మారాయి, పల్లెటూళ్ళో ఫంక్షన్ హాల్లో కూడా ఎల్ఈడీ వాల్ వచ్చింది, ఈ 8 మాత్రం కదల్లేదు.

2021 ఫిబ్రవరిలో వచ్చిన ఎన్‌విడియా 3060 కార్డు మాత్రం వింత పిల్ల, 12 జీబీ. ఎన్‌విడియా వాళ్ళు దయతల్చి ఇచ్చింది కాదులెండి. ఒక్కో మెమరీ చిప్ 32 బిట్ల దారితో జీపీయూకి కలుస్తుంది. 3060 బస్సు (ఈ దారులన్నీ కలిపిన వెడల్పు) 192 బిట్లు, అంటే ఆరు చిప్పులు. అప్పట్లో దొరికే చిప్పులు 1 జీబీవి, 2 జీబీవి, కాబట్టి కార్డుకి 6 అయినా ఉండాలి, 12 అయినా ఉండాలి. 6 పెడితే నవ్వుతారు, 12 పెట్టారు. 4060 దగ్గరికొచ్చేసరికి బస్సు 128 బిట్లకి కోసేశారు, నాలుగు చిప్పులు, 8 జీబీ. 16 కావాలంటే బోర్డు వెనక వైపు కూడా చిప్పులు అతికించాలి, 4060 టీఐ 16 జీబీలో చేసింది అదే.

బ్యాండ్‌విడ్త్ (మెమరీకీ చిప్‌కీ మధ్య డేటా పారే వేగం) కూడా చూస్తే 3060ది సెకనుకి 360 జీబీ, 4060ది 272. కొత్తదానికే తక్కువ! దాన్ని కప్పిపుచ్చడానికి చిప్ లోపల ఎల్2 క్యాష్‌ని (చేతికందేలా ఉండే చిన్న మెమరీ) 3 ఎంబీ నుంచి 24 ఎంబీకి పెంచారు, గేముల్లో అది బాగానే కవర్ చేస్తుంది, కరెంటు కూడా 170 వాట్ల నుంచి 115కి దిగింది, అది నిజంగా గొప్ప విషయమే, శామ్సంగ్ 8 నానోమీటర్ నుంచి టీఎస్ఎంసీకి మారిన ఫలితం. కానీ మా పని గేములు కాదు, వీడియో ఫ్రేములన్నీ వరసపెట్టి వచ్చి పోతుంటాయి, 133 ఎంబీ ఫ్రేముకి 24 ఎంబీ క్యాష్ ఏ మూలకి?

ఇంకోటి, ఇది చాలామంది చూడరు. 4060కి పీసీఐఈ లేన్లు (బోర్డుకీ కార్డుకీ మధ్య డేటా దారులు) 8 మాత్రమే. కొత్త బోర్డుల్లో పీసీఐఈ 4.0 కాబట్టి తేడా తెలీదు, మా బీ450 మాత్రం 3.0, అక్కడ 8 లేన్లంటే సెకనుకి 8 జీబీ దారి. 3060కి 16 లేన్లు, అదే బోర్డులో 16 జీబీ వెళ్తుంది. మెమరీ నిండి సిస్టమ్ ర్యామ్‌లోకి పొంగినప్పుడు ఈ దారి మీదే పడాలి మొత్తం. అంటే 8 జీబీ కార్డు తొందరగా నిండుద్ది, నిండాక సగం దారిలో పాకుద్ది.

అక్క ఒక పాయింట్ లేపింది, కొత్త కార్డుకి బిల్లుంటుంది, 18 శాతం జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది, సెకండ్ హ్యాండ్ దానికి బిల్లెవడిస్తాడని. కరెక్టే. ఆ క్రెడిట్ తీసేసుకున్నా కొత్త 4060 మా లెక్క దాటేసింది, సెకండ్ హ్యాండ్ 3060 దాటలేదు. సంతకం పడింది.

ఏప్రిల్, సికింద్రాబాద్

హైదరాబాద్‌లో వేరే పని ఉంటే అట్నుంచటే ప్యారడైజ్ దగ్గర సీటీసీకి వెళ్ళా. చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఎప్పుడూ అంతే, కింద నిలబడితే చాలు, ఏం కావాలన్నా ఏం కావాలన్నా అని పదిమంది చుట్టుకుంటారు. సెకండ్ హ్యాండ్ కార్డుల షాపులో అడిగితే ముందు చూపించింది 3060 8 జీబీ. ఇది జాగ్రత్త. 2022 చివర్లో అదే పేరుతో 8 జీబీ మోడల్ ఒకటి దించారు, బస్సు 128 బిట్లు, బ్యాండ్‌విడ్త్ 240. బాక్సు మీద ఆర్టీఎక్స్ 3060 అనే ఉంటుంది, లోపల సరుకు వేరు.

"భయ్యా, ఇది కాదు, 12 జీబీది చూపించు."

"అన్నా, గేమింగ్‌కి అదీ ఇదీ సేమ్ అన్నా, తీస్కో, రేట్ తగ్గిస్తా."

"గేమింగ్ కాదన్నా, ఎడిటింగ్. 12ది ఉంటే తీయ్, టెస్టింగ్ బెంచ్ మీద పెట్టి చూపించు."

తీశాడు. రెండు ఫ్యాన్ల కార్డు, బ్యాక్‌ప్లేట్ మీద గీతలు, గేమింగ్ కేఫ్ మూసేస్తే వచ్చింది అన్నాడు, నేను మాత్రం మైనింగ్‌లో నలిగిందనే అనుకుని టెస్ట్ చేశా. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం మైనింగ్ ఆపేశాక ఇలాంటి కార్డులు కుప్పలుగా మార్కెట్లో పడ్డాయి కదా, అవి చేతులు మారుతూ ఇప్పటికీ తిరుగుతున్నాయి. మైనింగ్ కార్డు అనగానే పారిపోవాల్సిన పని లేదు నా దృష్టిలో. తెలిసినవాడు నడిపితే వోల్టేజ్ తగ్గించి నడుపుతాడు, చిప్‌కి ఏమీ కాదు, అరిగేది ఫ్యాన్ బేరింగ్, ఎండేది పేస్టు (చిప్ వేడిని హీట్‌సింక్‌కి చేర్చేది), కారేది థర్మల్ ప్యాడ్ (మెమరీ చిప్పుల దగ్గర అదే పని చేసే మెత్తటి పట్టీ). ఇవన్నీ మార్చుకోదగ్గవే. మెమరీ చిప్ పోతే మాత్రం కథ కంచికే, అందుకే దాన్ని ముందు చూడాలి.

బెంచ్ మీద జీపీయూ-జెడ్ (కార్డు వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్) పెట్టా. బయోస్ మార్చి అంటగట్టే నకిలీ కార్డయితే అదే పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. బస్ విడ్త్ 192, మెమరీ 12288 ఎంబీ, షేడర్లు 3584, అన్నీ సరిపోయాయి. తర్వాత ఓసీసీటీ అనే టెస్టింగ్ సాఫ్ట్‌వేర్‌లో వీర్యామ్ (కార్డు మెమరీ) టెస్ట్, ఎర్రర్లు సున్నా. ఆ టెస్ట్ నడుస్తున్నంతసేపూ షాపతను నన్ను చూసిన చూపు ఉంది చూడండి, టీ కూడా ఆఫర్ చేయలేదు. పదహారు వేలకి తెగింది. రాత్రి బస్సుకి ఒళ్ళో పెట్టుకునే తెచ్చా.

ఏప్రిల్ చివర, మొదటి రన్

1650 తీసి 3060 పెట్టాం. డీడీయూ అనే టూల్‌తో పాత డ్రైవర్ మొత్తం కడిగేసి, స్టూడియో డ్రైవర్ వేశా. బావ ముందు చేసిన పని ఒక తలంబ్రాల క్లిప్ తీసి నాయిస్ రిడక్షన్ ఫుల్‌గా కొట్టడం. ఎర్ర మెసేజ్ రాలేదు. టాస్క్ మేనేజర్‌లో డెడికేటెడ్ జీపీయూ మెమరీ 9.6 జీబీ చూపించింది. 4060 కొనుంటే ఎక్కడ ఆగిపోయేదో అక్కకి కూడా చూపించా, పనిలో పనిగా.

అయితే క్లిప్ చూస్తే తలంబ్రాలు కనపడట్లేదు! పెళ్ళికూతురు దోసిలి ఎత్తింది, బియ్యపు గింజలు చేతిలో ఉన్నంతసేపు ఉన్నాయి, వదిలాక గాల్లో పసుపు పొగలాగ ఒక మరక, మళ్ళీ పెళ్ళికొడుకు తల మీద గింజలు. టెంపోరల్ నాయిస్ రిడక్షన్ పక్క పక్క ఫ్రేముల్ని సగటు తీస్తుంది, ఒక్క ఫ్రేములో కనపడి తర్వాత ఫ్రేముకి ఇంకోచోటికి పోయే చుక్కని నాయిస్ అనుకుంటుంది. పడే బియ్యపు గింజ దాని దృష్టిలో అచ్చం అదే కదా మరి. బావకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఫ్రేములు 5 నుంచి 2కి తగ్గించి, మోషన్ ఎస్టిమేషన్ బెటర్‌లో పెట్టి, మోషన్ రేంజ్ లార్జ్ చేసి, లూమా థ్రెషోల్డ్ కొంచెం కొంచెం దించుకుంటూ వచ్చాం, గింజలు ఒక్కొక్కటి విడివిడిగా కనపడేదాకా. మిగిలిన నాయిస్‌ని స్పేషియల్ (ఒక్క ఫ్రేములోనే నునుపు చేసే పద్ధతి) వైపు కొంచెం వేసి సర్దాం. పట్టుచీర జరీ అంచు దగ్గర కూడా ఇదే తంటా, స్పేషియల్ ఎక్కువైతే జరీ మైనంలా అయిపోతుంది. ఈ సెట్టింగ్‌తో మెమరీ 7 జీబీ చిల్లరకి దిగింది. అప్పుడు బావ అడిగాడు, "అంటే 8 జీబీ సరిపోయేదేగా?" అని. ఈ ఒక్క క్లిప్‌కి సరిపోయేది బావా, టైమ్‌లైన్లో పక్కన డ్రోన్ షాట్లు, మల్టీక్యామ్, టైటిళ్ళు పడ్డాక మళ్ళీ తొమ్మిది దాటుతోంది అని తెరిచి చూపిస్తే ఊరుకున్నాడు.

మే మొదటివారం, ఎండ

స్టూడియో పై అంతస్తు, పైన సిమెంటు రేకులు. కస్టమర్లు వస్తేనే ఏసీ. మధ్యాహ్నం రూములో 37, 38 డిగ్రీలు మామూలే. ఈ వేడిలో కార్డు కోర్ 84, హాట్‌స్పాట్ (చిప్‌లో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు) 106 కొట్టింది, ఫ్యాన్లు 3000 ఆర్‌పీఎం పైన తిరుగుతున్నాయి, బావ హెడ్‌ఫోన్స్ లేకుండా సన్నాయి వినలేకపోతున్నాడు. క్లాక్ (చిప్ వేగం) 1900 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండాల్సింది 1600కి పడిపోతోంది. అంటే బాక్సు మీద రాసిన పెర్ఫార్మెన్స్ ఏసీ గదిలోది, విజయవాడ రేకుల షెడ్డులోది కాదు. ఇంటర్నెట్లో చూసే రివ్యూలన్నీ ఇరవై, ఇరవై రెండు డిగ్రీల గదిలో చేసినవే, మనం వాటికి ఇంకో పదిహేను డిగ్రీలు కలుపుకుని చదువుకోవాలి.

కోర్‌కి హాట్‌స్పాట్‌కి మధ్య తేడా 22 ఉందంటే పేస్టు ఎండిపోయిందని అర్థం, 12 నుంచి 15 ఉంటే పర్లేదు. విప్పేశా. కాసేపు రెండర్ పెట్టి వేడి చేసి ఆపాక విప్పితే ఎండిన పేస్టు పట్టు వదుల్తుంది, చల్లగా ఉన్నప్పుడు లాగితే చిప్ మీద బలం పడుద్ది. కోర్ చుట్టూ స్ప్రింగులున్న నాలుగు స్క్రూలు అడ్డంగా, ఐమూలగా కొంచెం కొంచెం వదులు చేసి, హీట్‌సింక్‌ని అటూ ఇటూ సన్నగా తిప్పితే ఊడొచ్చింది. పైకి ఎత్తేయకూడదు, కింద ఫ్యాన్ వైర్ ఉంటుంది. పేస్టు సిమెంటు పెళ్ళల్లా రాలింది. రెక్కల మధ్య దుమ్ము మాత్రం పొడిగా లేదు, జిగటగా, ముదురు గోధుమ రంగులో ఉంది, ఊదితే పోయే రకం కాదు, పాత టూత్‌బ్రష్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి రుద్దితే వచ్చింది. ఏ కేఫ్‌లో ఎన్ని సిగరెట్లు తాగారో.

థర్మల్ ప్యాడ్లు చిరిగాయి. కొత్తవి కొనాలంటే మందం తెలియాలి, అర మిల్లీమీటర్ మందం ఎక్కువ పెట్టినా హీట్‌సింక్ కోర్ మీద కూర్చోదు, తక్కువ పెడితే మెమరీకి తగలదు. ఆటోనగర్‌లో తెలిసినాయన లేత్ షాపు ఉంది, ఆయన దగ్గర వెర్నియర్ తెచ్చి కొలిచా. నొక్కుకుపోయిన చోట 1.2, నొక్కుడు పడని అంచు దగ్గర 1.5, అంటే అసలుది 1.5. మెమరీ మీద అవి వేసి, కోర్ మీద కొత్త పేస్టు రాసి బిగించా. కోర్ 77, హాట్‌స్పాట్ 90.

తర్వాత అండర్‌వోల్ట్, అంటే చిప్‌కి ఇచ్చే వోల్టేజ్ తగ్గించడం. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తా, ఎందుకంటే పైసా ఖర్చు లేని పని ఇది, మన ఊళ్ళల్లో అయితే ప్రతి కార్డుకీ చేయాల్సిన పని. ఆఫ్టర్‌బర్నర్ అనే కార్డు సెట్టింగుల సాఫ్ట్‌వేర్‌లో కంట్రోల్ ఎఫ్ నొక్కితే గ్రాఫ్ వస్తుంది, కింద వోల్టేజ్, పక్కన క్లాక్. ఫ్యాక్టరీలో ఈ గ్రాఫ్ అన్ని చిప్పులకీ, బలహీనమైన చిప్‌కి కూడా పనిచేసేలా వోల్టేజ్ మిగులు పెట్టి ఇస్తారు. మా కార్డు ఫుల్ లోడ్‌లో 1.05 వోల్టుల దగ్గర తిరుగుతోంది. 0.875 చుక్క పట్టుకుని 1830 మెగాహెర్ట్జ్‌కి లేపి, దాని కుడిపక్క ఉన్నవన్నీ అదే ఎత్తుకి చదును చేసేశా. అంటే ఎంత పని పడినా 0.875 దాటవు, 1830 దాటవు. చిప్ తినే కరెంటు వోల్టేజ్ వర్గంతో పెరుగుతుంది కాబట్టి వోల్టేజ్ కొంచెం తగ్గినా వాట్లు బాగా పడతాయి. 168 వాట్లు లాగేది 124కి దిగింది. కోర్ 68, హాట్‌స్పాట్ 80, ఫ్యాన్ 1900 ఆర్‌పీఎం.

రెండు నిమిషాల టెస్ట్ క్లిప్ రెండర్ టైములు: సర్వీసు చేయకముందు మధ్యాహ్నం ఎండలో 5 నిమిషాల 52 సెకన్లు, పేస్టు మార్చాక 5:11, అండర్‌వోల్ట్ చేశాక 5:17. ఆరు సెకన్లు పోయాయి, నలభై నాలుగు వాట్లు మిగిలాయి. 0.825కి దించి చూస్తే ఫర్‌మార్క్ అనే కార్డు టెస్ట్ గంటసేపు పాసైంది గానీ రిజాల్వ్ మధ్యలో డ్రైవర్ రీసెట్ అయింది. ఫర్‌మార్క్ లోడ్ ఒకే తీరుగా ఉంటుంది, ఎడిటింగ్‌లో లోడ్ ఎగురుతూ పడుతూ ఉంటుంది, అసలు పరీక్ష అక్కడే. అందుకని మళ్ళీ 0.875.

దీంతో ఇంకో రోగం కూడా కుదిరింది. రెండర్ పెట్టినప్పుడల్లా యూపీఎస్ కుయ్ కుయ్‌మనేది. 600 వీఏ యూపీఎస్ అంటే అసలు మోసేది 360 వాట్లే. కార్డు 170, ప్రాసెసర్ 88, బోర్డు, డిస్కులు, మానిటర్, పైన ఎస్‌ఎంపీఎస్ తినే వాటా, అన్నీ కలిపితే గీత మీదకి వచ్చేస్తుంది. ఇప్పుడు కిక్కురుమనట్లేదు. కొత్త యూపీఎస్ ఖర్చు తప్పిందని అక్క సంతోషించింది, అండర్‌వోల్ట్ అంటే ఏంటో అడగలేదు.

మే చివర

రోహిణి కార్తెలో కార్డుని అసలు పరీక్ష పెడదామనుకుంటే ఈసారి నైరుతి మే 24కే కేరళ తాకింది, 2009 తర్వాత ఇంత తొందరగా రావడం ఇదే, మా దగ్గర కూడా వాతావరణం చల్లబడిపోయింది. ఆ పరీక్ష వచ్చే ఏడాదికి.

ఈ మధ్యలో 5060 దిగింది, మే 19న. 299 డాలర్లు, 3840 కోర్లు, జీడీడీఆర్ 7 మెమరీ, బ్యాండ్‌విడ్త్ 448. బ్యాండ్‌విడ్త్ పెరగడం బాగుంది, బస్సు అదే 128 అయినా కొత్త మెమరీ స్పీడుతో లాక్కొచ్చారు. జీబీలు? 8. లేన్లు? 8. 5060 టీఐ 16 జీబీ ఏప్రిల్లోనే వచ్చింది, 429 డాలర్లు, మన దగ్గర అడిగితే యాభై వేల దరిదాపుల్లో చెప్పారు. ఏఎండీ 9060 ఎక్స్‌టీ 16 జీబీ జూన్‌లో 349 డాలర్లకి వస్తోంది, దానికి 16 లేన్లు, పాత బోర్డులున్న వాళ్ళకి అది చూడదగ్గ కార్డు. మేం ఇప్పుడు ఎటూ కొనం.

ఆషాఢం

ముహూర్తాలు లేవు, బావకి ఖాళీ, ఖాళీ ఉంటే కొత్త కెమెరా కొంటాడు. కొన్నాడు. టెస్ట్ ఫుటేజ్ టైమ్‌లైన్లో వేస్తే ప్లేబ్యాక్ ముక్కలు ముక్కలుగా వస్తోంది, సెకనుకి ఏడెనిమిది ఫ్రేములు. పాత కెమెరా ఫుటేజ్ అదే పీసీలో వెన్నలా పోతోంది. "కార్డు పోయిందిరా" అని ఫోను.

టాస్క్ మేనేజర్ తెరిచి గ్రాఫులు చూశా. కార్డు కంప్యూట్ గ్రాఫ్ పది శాతం, వీడియో డీకోడ్ గ్రాఫ్ సున్నా, ప్రాసెసర్ మాత్రం వంద. డీకోడ్ సున్నా ఉండటంతోనే విషయం అర్థమైంది, కెమెరాలో ఫార్మాట్ చూడమన్నా, హెచ్.265, 10 బిట్, 4:2:2 (రంగు సమాచారం ఎంత ఉంచాలో చెప్పే అంకెలు).

కార్డులో కోర్లు వేరు, వీడియో విప్పే డీకోడర్ అనే బ్లాకు వేరు. 3060లో ఆ బ్లాకుకి 4:2:0 విప్పడం వచ్చు గానీ 4:2:2 రాదు. 4060కీ రాదు, లక్షన్నర పెట్టి 4090 కొన్నా రాదు. ఎన్‌విడియాలో 50 సిరీస్ నుంచే వచ్చింది. ఇంటెల్ వాళ్ళు మాత్రం 11వ తరం ప్రాసెసర్లలో, ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్‌లోనే, హెచ్.265 4:2:2 పెట్టేశారు, ఆర్క్ కార్డుల్లోనూ ఉంది. మా రైజెన్ 3600లో అసలు ఇన్‌బిల్ట్ గ్రాఫిక్సే లేదు. కాబట్టి ఫైల్ విప్పే పని మొత్తం ఆరు కోర్ల ప్రాసెసర్ మీద పడింది, విప్పి ఇచ్చేదాకా కార్డు గోళ్ళు గిల్లుకుంటోంది. పంక్తిలో వడ్డించేవాళ్ళు ఎంతమంది ఉంటే ఏంటి, వంటశాల నుంచి బకెట్లు రావాలి కదా.

మూడు దారులు కనపడ్డాయి. ఒకటి, రాత్రిపూట ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి తేలిగ్గా ఉండే నకలు ఫైళ్ళు) తయారు చేయడం, డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ ఎల్‌బీ ఫార్మాట్‌లో, పనిచేస్తుంది గానీ ఒక పెళ్ళికే వందల జీబీ ఫుటేజ్, డిస్కు తినేస్తుంది. రెండు, ఆర్క్ ఏ380 లాంటి చిన్న కార్డు రెండో స్లాట్లో పెట్టి డీకోడింగ్‌కి దాన్ని వాడటం, చాలామంది చేస్తున్నారు, 75 వాట్ల కార్డు, కానీ యూపీఎస్ మళ్ళీ కుయ్యోమంటుంది. మూడు, కెమెరా మెనూలో 4:2:0 10 బిట్ పెట్టుకోవడం.

మూడోదానికి బావ ఒప్పుకోలేదు. 4:2:2 లేకపోతే క్వాలిటీ పోతుందని కెమెరా ఫ్రెండ్స్ చెప్పారంట. 4:2:2లో రంగు సమాచారం అడ్డంగా సగం ఉంటుంది, 4:2:0లో అడ్డంగా సగం, నిలువుగా సగం, వెలుతురు సమాచారం రెండింట్లో పూర్తిగానే ఉంటుంది. గ్రీన్ మ్యాట్ వేసి కీ తీసేటప్పుడు (వెనక ఆకుపచ్చ తీసేసి ఇంకో దృశ్యం పెట్టేటప్పుడు) అంచుల దగ్గర తేడా తెలుస్తుంది, అది ఒప్పుకుంటా. కానీ చివరికి పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేది 4:2:0, యూట్యూబ్‌కి ఎక్కించేది 4:2:0. అక్క మామిడి పళ్ళు కోస్తుంటే ఆ కంచం మీదే రెండు ఫార్మాట్లలో తీయించి, గ్రేడ్ చేసి, పేర్లు దాచి టీవీలో వేశా, ఏది ఏదో చెప్పమన్నా. చెప్పలేకపోయాడు. ప్రీ వెడ్డింగ్ గ్రీన్ మ్యాట్ షాట్లకి 4:2:2 తీసి వాటికి మాత్రమే ప్రాక్సీ, మిగతా అంతా 4:2:0 10 బిట్, అని రాజీ కుదిరింది. డీకోడ్ గ్రాఫ్ లేచింది, ప్లేబ్యాక్ 50 ఫ్రేములకి 50 ఇస్తోంది.

శ్రావణం, కార్తీకం

రాయడానికి పెద్దగా ఏం లేదు, పెళ్ళిళ్ళు బాగా వచ్చాయి, కార్డు పనిచేసింది. ఫ్యాన్ ఫిల్టర్ మాత్రం నెలకోసారి కడగమని చెప్పా. దేవుడి పటం పీసీ పక్కనే, అగరుబత్తి పొగ మొత్తం క్యాబినెట్ లోపలికి పోతోంది. పటం జరపలేదు, క్యాబినెట్ జరిపాం.

డిసెంబర్, మూఢం

నవంబర్ చివర్లో మూఢం వచ్చేసింది, ఫిబ్రవరి దాకా ముహూర్తాలు లేవు. ఈ ఖాళీలో ర్యామ్ 32 నుంచి 64 చేద్దామని ముందు నుంచీ ప్లాన్. రేటు అడిగితే కళ్ళు తిరిగాయి, వేసవిలో అడిగిన రేటుకి రెండింతలు దాటేసింది, అదీ డీడీఆర్ 4.

కారణం మన పెళ్ళి వీడియోలకి ఎక్కడో దూరంగా ఉంది. ఏఐ సర్వర్లలో వాడే హెచ్‌బీఎం అనే వేగమైన మెమరీకి గిరాకీ పెరిగింది, శామ్సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ ముగ్గురూ ఫ్యాక్టరీ లైన్లని అటు తిప్పుతున్నారు, మామూలు ర్యామ్‌కి మిగిలేది తగ్గింది. మైక్రాన్ అయితే డిసెంబర్ 3న క్రూషియల్ పేరుతో జనాలకి అమ్మే బిజినెస్సే ఆపేస్తున్నామని చెప్పేసింది. ఎన్‌విడియా లెక్కలు చూసినా అంతే, 2025 జనవరితో ముగిసిన ఏడాదిలో మొత్తం ఆదాయం 130.5 బిలియన్ డాలర్లు, అందులో డేటా సెంటర్‌ది 115 బిలియన్లు, గేమింగ్‌ది 11 చిల్లర. మనలాంటి వాళ్ళకి అమ్మే కార్డులు వాళ్ళకి ఇప్పుడు పక్క వ్యాపారం. 3 జీబీ జీడీడీఆర్ 7 చిప్పులు వచ్చాయి, అవి పెడితే 128 బిట్ల బస్సుకీ 12 జీబీ వస్తుంది, 8 జీబీ బాధ తీరుతుందని నేను ఏడాదంతా చూస్తున్నా. మెమరీకే కరువొస్తే ఆ చిప్పులు ముందు ఎటు వెళ్తాయో చెప్పక్కర్లేదు, చవక కార్డుల్లోకైతే ఇప్పట్లో రావని నా అనుమానం.

ర్యామ్ ప్లాన్ ఆపేశాం. బదులుగా రిజాల్వ్ క్యాష్‌ని పాత సాటా ఎస్‌ఎస్‌డీ నుంచి ఎన్‌వీఎంఈ డిస్కుకి మార్చా. అది పోయినేడు కొని పక్కన పడేసిందే, రేటు భయం లేదు. టైమ్‌లైన్ స్క్రబ్ చేసేటప్పుడు తేడా బాగానే తెలుస్తోంది.

బావ ఫ్రెండ్ తెనాలి నుంచి ఫోన్ చేశాడు, "మీ బావకి చేసినట్టే నాక్కూడా ఒకటి చూడు తమ్ముడూ" అని. ఆయన పీసీ ఇంటెల్ 12వ తరం, ఇన్‌బిల్ట్ గ్రాఫిక్స్ ఉన్నదే, బయోస్‌లో అది ఆఫ్ చేసి ఉందంట. ముందు దాన్ని ఆన్ చేయండి అన్నా, 4:2:2 గొడవ అక్కడే తేలిపోతుంది, కార్డు సంగతి తర్వాత, అదీ 12 జీబీదే, 192 బిట్లదే.

మన కార్డుకి ఎడమ ఫ్యాన్ బేరింగ్ శబ్దం మొదలైంది, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే గరగరమంటుంది, వేడెక్కాక పోతుంది. ఫ్యాన్ వెనక స్టిక్కర్ మీద మోడల్ నంబర్ ఫొటో తీసి ఆర్డర్ పెట్టా, 4 పిన్ కనెక్టర్ సరిపోయేది చూసి. సంక్రాంతి తర్వాత వస్తుందన్నారు. అప్పుడు ఎటూ విప్పాలి కాబట్టి పేస్టు కూడా ఈసారి పీటీఎం 7950 షీటు (పేస్టు బదులు వేసే పల్చటి షీటు) వేస్తా. మామూలు పేస్టులా వేడికి పక్కలకి జారి ఎండిపోయే రకం కాదది. ఏప్రిల్లో అదే రేకుల కింద, ఏసీ ఆపేసి, అదే క్లిప్ మళ్ళీ రెండర్ పెట్టి నంబర్లు ఇక్కడే రాస్తా.